బ్రేకు తొక్కకుండా దిగిన కొండ

ఇంటిబండి తాళం పెద్ద డ్రైవరు చొక్కా జేబులో ఉంది. నిన్న చీకటి పడ్డాక పెద్దల్లుడు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఈ పూట అది ఆ జేబులోంచి బయటికి వచ్చి ఎవరి చేతిలో పడుతుందో చూద్దామనే, ముసురు పడుతున్నా లెక్కచెయ్యకుండా టీ కొట్టు రేకుల కింద ఇంతమంది చేరారు.

పెద్ద డ్రైవరు ఉద్యోగమంతా బస్సు నడిపాడు. ఊళ్లో వాళ్లందరినీ ఊళ్లన్నీ తిప్పాడు గానీ కట్టుకున్న ఆవిడని పక్క ఊరికి తీసుకెళ్లిన పాపాన పోలేదు. ఆ లోటు తీరుద్దామని, రిటైరయ్యాక తుక్కులో పడున్న చిన్న బస్సొకటి తెచ్చుకుని, దాన్నిండా మంచాలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు, బట్టల అరలు అమర్చి, చక్రాల మీద ఇల్లు కట్టేశాడు. తీరా ఇల్లు తయారయ్యేసరికి మోకాళ్లు మొరాయించాయి. క్లచ్చి తొక్కితే ప్రాణం పోయి వచ్చినంత పనవుతోంది. ఇక బండి ఎవరో ఒకరికి అప్పగించక తప్పదు. అప్పగించడమంటే బండి ఒక్కటే కాదు, వెనక మంచాల మీద తనూ తన ఆవిడా కూడా ఆ చేతుల్లోనే ఉంటారు. ఆయన బెంగంతా అదే.

అందుకని ఇద్దరల్లుళ్లకీ చెరో ప్రయాణం పురమాయించాడు. చిన్నల్లుడు లిఫ్టులు బాగుచేస్తాడు, మాట్లాడితే నోట్లో ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుంటాడు. వెళ్లాడు, చెప్పిన గంటకి వచ్చాడు. "దారిలో ఇంజను వేడెక్కి ఎర్రదీపం వెలిగింది మావయ్యగారూ, అయినా ఆపలేదు, టైముకి తెచ్చేశాను" అన్నాడు. అందరూ భేష్ అన్నారు. పెద్ద డ్రైవరు "ఊఁ" అని ఊరుకున్నాడు.

పెద్దల్లుడు సీట్ల మేస్త్రి. బస్సులకీ వ్యాన్లకీ సీట్లు కుడతాడు. సూది పట్టాడంటే వంక పెట్టడానికి ఉండదు, నోరు విప్పాడంటే వంకలు తప్ప ఇంకోటి ఉండదు. ఆకులు రాలే కాలం, పైగా విడవని వాన. అలాంటప్పుడు పెళ్లాన్నీ అత్తగారినీ బండెక్కించుకుని కొండల అవతల సరస్సుకి వెళ్లొచ్చాడు. బండి నిన్నటి నుంచి టీ కొట్టు ఎదురుగానే నిలబడి ఉంది, ఒంటినిండా పచ్చవీ ఎర్రవీ ఆకులు అతికించుకుని.

"ఏం మేస్త్రీ, తడిసి ముద్దయి వచ్చావట?" అని కదిపాడు మంగలి. కొట్టు పక్కనే ఆయన షాపు. కత్తెర కన్నా నాలుక పదును.

"అబ్బే, చెప్పుకోడానికేం ఉందిలే," అన్నాడు మేస్త్రి, తలలన్నీ తనవైపు తిరిగేదాకా ఆగి. "దారిలో వైపరు పాడైతే బాగుచేశా, అంతే. ఊరు దాటామో లేదో, వాన కాదండీ అది, పైన ఎవరో బిందెలు పట్టుకుని కుమ్మరిస్తున్నారు. సరిగ్గా అప్పుడు వైపరు చచ్చి ఊరుకుంది. ఇంకొకడైతే ఏం చేస్తాడు? తల పట్టుకుని కూర్చుంటాడు. నేనేం చేశానో తెలుసా? నా జేబులో సీట్లు కుట్టే నైలాను దారం ఎప్పుడూ ఉంటుందిగా! వైపరుకి అటో దారం ఇటో దారం కట్టి, రెండు కిటికీల్లోంచి లోపలికి తెచ్చి, ఒక కొస నేను పట్టుకున్నా, ఇంకో కొస మీ వదిన చేతికిచ్చా. నేను లాగితే ఇటు, తను లాగితే అటు. అలా సరస్సు దాకా!"

"చెయ్యి ఇంకా సలుపుతోంది," అంది పెద్దకూతురు. పెద్ద డ్రైవరు చూశాడు. అమ్మాయి అరచేతిలో దారం కోసిన ఎర్రగీత ఉంది. సరే, ఈ ముక్క నిజమే అనుకున్నాడు.

కానీ మేస్త్రి నిజం దగ్గర ఆగే మనిషా? "ఆ లాగుడు ఎంత జోరుగా సాగిందంటే తమ్ముడూ," అన్నాడు తోడల్లుడి వైపు తిరిగి, "మా వైపరు విసిరిన గాలికి ఎదురొచ్చే బళ్ల అద్దాలు కూడా ఆరిపోయాయి. వాళ్లంతా చేతులూపి మరీ వెళ్లారు."

"పక్కకి తప్పుకోమని ఊపుంటారు," అన్నాడు మంగలి.

"నీ గొంతులో వెలక్కాయ పడా, వినవయ్యా! సరస్సు చేరాం. ఒడ్డున మనలాంటి బళ్లు బోలెడున్నాయి. అందరూ గొడుగుల కింద ముడుచుకుని కూర్చున్నారు పాపం. నేను దిగి, నా చేత్తో కుట్టిన టార్పాలిన్ పందిరి బండి పక్కన కట్టా. నా కుట్టులోంచి చుక్క కారదని మీకందరికీ తెలుసు. కారదు కాబట్టి ఏమైంది? నీరు నిలబడింది. నిలబడి నిలబడి పందిరి పొట్ట దిగింది, ఇంకా దిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అదొక కొలనైంది! పక్కబండి పిల్లలు మెట్లేసుకుని ఎక్కి ఈత నేర్చుకున్నారు. బాతులొచ్చి వాలాయి. సాయంత్రానికి అందులో చేపలు!"

"వాన నీళ్లలో చేపలేంటి మేస్త్రీ?"

"మబ్బు ఎక్కడ నీళ్లు తాగొచ్చిందో నన్నడుగుతావేం? మబ్బునడుగు."

అత్తగారు టీ ఊదుకుంటూ అమాయకంగా అందుకుంది. "ఆ పందిరి తెగి పక్కబండి వాళ్ల పొయ్యి మీద పడింది కదా అల్లుడుగారూ? వాళ్ల వంటంతా నీళ్లపాలైంది. తిట్టారు కూడానూ."

"తిట్టలేదు అత్తయ్యగారూ, ఆశ్చర్యం పట్టలేక అరిచారు."

రేకుల కింద నవ్వులు. పెద్దకూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్ద డ్రైవరుకీ నవ్వొచ్చింది గానీ పైకి రానివ్వలేదు. ఆయన చెవి మేస్త్రి మాటల మీద లేదు, మాటల వెనక ఉన్న డ్రైవింగు మీద ఉంది. ఇంత నోరున్నవాడు స్టీరింగు ముందు కూర్చుంటే, ఆ నోటిని నిలబెట్టడానికి కాలు ఎంత దూరమైనా వెళ్తుంది.  చిన్నవాడు నోరు విప్పడు, చెప్పిన టైముకి వస్తాడు. తాళం అటే వెళ్లేట్టుంది.

"మర్నాడు గాలి," అని ఎత్తుకున్నాడు మేస్త్రి, నవ్వుల్ని హారతిలా కళ్లకద్దుకుని. "గాలంటే మామూలు గాలా! చెట్లు ఒక్క ఆకు లేకుండా బోడిగుండ్లైపోయాయి. సరే, ఇంధనం ఎందుకు దండగ అని, పందిరి గుడ్డని బండి నెత్తిన నిలువుగా కట్టేసి ఇంజను ఆపేశా. ఇక చూసుకో! తెరచాప ఎత్తిన పడవే. ముందు పోతున్న పోలీసు జీపుని దాటేశాం. వాళ్లు సైరను మోగించుకుంటూ వెంటపడ్డారు. ఎందుకు? పట్టుకోడానికనుకుంటున్నారా? ఆ గుడ్డ ఎవరు కుట్టారో కనుక్కోడానికి!"

"కనుక్కున్నారా?"

"అందుకుంటేగా కనుక్కోడానికి!"

మంగలి రెండు చేతులూ జోడించాడు. "గోరంత ఉంటే కొండంత చేస్తారంటారు. నువ్వు గోరు కూడా లేకుండానే చేస్తావు మేస్త్రీ."

"కొండంటే గుర్తొచ్చింది," అని మేస్త్రి బెంచీ మీద ముందుకి జరిగాడు. "ఇప్పటిదాకా చెప్పింది ఒక ఎత్తు, తిరుగుదారిలో కొండ దిగడం ఒక ఎత్తు."

పెద్ద డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు. ఆ కొండదారి ఆయనకి అరచేతి గీతల్లా తెలుసు. ఒకటే మలుపులు. ఆకులు రాలి తడిస్తే ఆ రోడ్డు సబ్బు రాసినట్టుంటుంది. అక్కడే ఆయన అడగదలుచుకున్నదంతా ఉంది.

"ఏ గేర్లో దిగావు అల్లుడూ?"

"గేరా? గేరు ముట్టుకుంటే ఒట్టు మావయ్యగారూ!"

"బ్రేకు?"

"తొక్కితే ఒట్టు!"

"మరి యాక్సిలేటరు?"

"కాలు మీద కాలేసుకుని కూర్చున్నా. ఒట్టు!"

చిన్నల్లుడు కిసుక్కుమన్నాడు. "అన్నయ్యా, గేరూ బ్రేకూ లేకుండా ఆ కొండ ఎవరూ దిగలేరు. మొదటి మలుపులోనే లోయలో ఉంటారు."

"నువ్వైతే లోయలోనే ఉంటావు తమ్ముడూ. నేను దిగా. గ్లాసులో టీ తొణకలేదు. దిగువన వాగు పొంగి రోడ్డు మీదుగా పారుతోంది, అటూ ఇటూ బళ్లన్నీ ఆగిపోయాయి. మేం ఆగలేదు. ఆ వాగు నీళ్లు మా చక్రాలకి ఒక్క చుక్క తగిలితే ఒట్టు! స్టీరింగు వదిలేసి రెండు చేతులా రొట్టె విరుచుకు తిన్నా. ఎదురొచ్చిన బస్సుని పైనుంచి చూశా, దాని టాపు మీద ఎవరిదో ఎర్ర సైకిలు కట్టి ఉంది. ఒట్టు!"

"బస్సుని పైనుంచా? ఎగిరిందన్నమాట!" అన్నాడు మంగలి.

"ఎగిరిందని నేనన్నానా? నువ్వన్నావు. మా చక్రాలు రోడ్డుని తాకలేదు, అంతవరకే నా మాట."

"అది మాత్రం నిజమే," అంది అత్తగారు, గ్లాసు పక్కన పెట్టి. "నేను పడుకుని ఉన్నానా, మధ్యలో మెలకువొచ్చి కిటికీలోంచి చూస్తే, చెట్టుకొమ్మ మీద పిట్టగూడు సరిగ్గా నా కళ్లెదురుగా ఉంది. అయిపోయింది, పైకి తీసుకుపోతున్నారు అనుకున్నా. మీరు మాత్రం ముందు సీట్లో దర్జాగా కూర్చుని, 'కళ్లు మూసుకోండి అత్తయ్యగారూ, ఇంకా చాలా దూరం ఉంది' అన్నారు."

ఈసారి నవ్వులకి రేకులు లేచిపోతాయేమో అనిపించింది. "మరి నువ్వెక్కడున్నావమ్మా ఆ ఎగిరేటప్పుడు?" అని పెద్దకూతురిని అడిగాడు మంగలి.

"ముందు కూర్చున్నా," అంది ఆ అమ్మాయి తల ఎత్తకుండా. ఒక్క క్షణం ఆగి, "చాలా ముందు" అంది.

అందరూ నవ్వుతున్నారు. పెద్ద డ్రైవరు నవ్వడం లేదు. అల్లుడి సంగతి ఒకటి ఆయన పెళ్లైన కొత్తలోనే కనిపెట్టాడు. ఎన్ని కోతలు కోసినా, ఒట్టు పెట్టి అబద్ధమాడడు. చేపలకి ఒట్టు పెట్టలేదు. పోలీసు జీపుకి పెట్టలేదు. కొండ దగ్గరకొచ్చేసరికి మాటమాటకీ ఒట్టే. గేరు ముట్టుకోలేదు, బ్రేకు తొక్కలేదు, చక్రాలు తడవలేదు, బస్సు టాపు కనబడింది. ఇవన్నీ నిజమే అయితే?

ఆయన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. గొడుగు తీసుకుని వానలోకి నడిచాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మేస్త్రి సగం లేచి, "ఎందుకు మావయ్యగారూ తడుస్తారు, ఏం కావాలో చెప్పండి, నేను తెస్తా" అన్నాడు. ఆ గొంతులో దర్జా లేదు.

పెద్ద డ్రైవరు గొడుగు కొసతో టైరు గీకి చూశాడు. టైరు గాడుల నిండా మట్టీ ఆకులూ కూరుకుని ఉన్నాయి. తారు రోడ్డు మీద అంత దూరం తిరిగిన చక్రానికి అవి అలా మిగలవు. చక్రం మీద బలమైన పట్టీ బిగించి కట్టినట్టు కొత్త గీత ఉంది. జేబులోంచి తాళం తీసి ముందు తలుపు తెరిచాడు. వంగి బ్రేకుని చేత్తో నొక్కాడు. దిగలేదు. ఇంకోసారి నొక్కాడు. ఏదో అడ్డం ఉంది. కింద చెయ్యి పెట్టి లాగితే, బురద నీళ్లు కారుతూ ఒక మెత్త బయటికి వచ్చింది. డ్రైవరు కాళ్ల కింద వెయ్యడానికి మేస్త్రి ముచ్చటపడి కుట్టినది. రెండు పొరల స్పాంజి, చుట్టూ ఎర్ర అంచు. వాన నీళ్లు తాగి ఉబ్బి, ముందుకి జారి, బ్రేకు కింద చుట్ట చుట్టుకుపోయింది. ఆయన మళ్లీ నొక్కాడు. బ్రేకు బుద్ధిగా కిందికి దిగింది.

మెత్తని తెచ్చి బెంచీ మీద పడేశాడు. "అల్లుడూ, ఆ లారీ ఎవరిది?"

ఎవరికీ అర్థం కాలేదు. "లారీ ఏంటి పెద్ద డ్రైవరు గారూ?" అన్నాడు మంగలి.

"చెడిపోయిన బళ్లని మోసుకెళ్లే లారీ. కొండ దిగింది ఇంటిబండి కాదు. ఇంటిబండిని నెత్తినెక్కించుకుని లారీ దిగింది. మా అమ్మాయి చాలా ముందు కూర్చుంది కదా, లారీ డ్రైవరు పక్కన. అల్లుడుగారు పైన స్టీరింగు ముందు కూర్చుని రొట్టె తిన్నారు."

 అంతే, పేలింది నవ్వు. మంగలి కడుపు పట్టుకుని గోడకి జారబడ్డాడు. నవ్వలేక చిన్నల్లుడు కళ్లు తుడుచుకుంటున్నాడు. "అయితే నేను పైకి పోలేదన్నమాట!" అంది అత్తగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. "ఎవరికీ చెప్పొద్దన్నారు నాన్నా, అందుకే..." అంది పెద్దకూతురు.

మేస్త్రి మాత్రం అవేవీ వినడం లేదు. మెత్త వంకే చూస్తున్నాడు. "ఇదా అడ్డం పడింది? నేను కుట్టినదేనా?" అన్నాడు. "బ్రేకులు పోయాయనుకున్నా మావయ్యగారూ. ఆ కంగారులో కింద చూడనేలేదు."

"ఎక్కడ?"

"మొదటి మలుపుకి ముందు. తొక్కితే దిగలేదు. గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి, పక్కనున్న మట్టిగట్టుకి బండిని ఆనించేశా.  తర్వాత దిగి వానలో నిలబడి, పోయే ప్రతి బండినీ ఆపి, ఎవరినో పట్టుకుని లారీకి కబురు పంపించా. బండిని లారీ ఎక్కిస్తున్నప్పుడు కూడా అత్తయ్యగారికి మెలకువ రాలేదు." తల వంచుకున్నాడు. "బండి లారీ ఎక్కించుకుని వచ్చానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందుకే చీకటి పడ్డాక ఇక్కడ దింపించా."

నవ్వులు సద్దుమణిగాయి. పెద్ద డ్రైవరు మేస్త్రి ఎదురుగా కూర్చున్నాడు. "చేతిబ్రేకు పనిచేస్తోందిగా. దాంతో మెల్లగా దిగొచ్చుగా? ఎవరికీ తెలిసేది కాదు. పైగా ఒట్టు పెట్టి చెప్పుకోడానికి ఎంత పెద్ద కథ!"

మేస్త్రి ఆశ్చర్యంగా తలెత్తాడు. అలాంటి ప్రశ్న ఎవరైనా అడుగుతారా అన్నట్టు.

"వెనక అత్తయ్యగారు నిద్రపోతున్నారు కదండీ," అన్నాడు.

పెద్ద డ్రైవరు గ్లాసు ఎత్తి, అందులో టీ లేకపోయినా తాగినట్టు చేశాడు. అత్తగారు అల్లుడి వైపు చూసి, కొంగుతో అతని తడిసిన భుజం మీది ఆకు తీసేసింది.

"నా ఉద్యోగంలో ఎంతమందికి బస్సు నేర్పానో లెక్కలేదు," అన్నాడు పెద్ద డ్రైవరు. "నడపడం నేర్పితే వచ్చేస్తుంది. ఆగడమే ఎవరికీ రాదు. ఆగితే నలుగురూ నవ్వుతారని, టైము దాటిపోతుందని, ఆగరు." చిన్నల్లుడి వైపు తిరిగి మెత్తగా, "ఎర్రదీపం వెలిగితే ఆపాలి బాబూ. ఆలస్యమైతే నేనేమైనా కొరుక్కు తింటానా?" అన్నాడు. చిన్నల్లుడు "అవును మావయ్యగారూ" అని తల వంచుకున్నాడు.

ఆయన తాళం మేస్త్రి అరచేతిలో పెట్టి, వేళ్లు తనే మూశాడు. "కోతలు ఎన్నైనా కొయ్యి అల్లుడూ. కాలు నిజం మాట్లాడితే చాలు నాకు. వాన తగ్గగానే మీ అత్తయ్యనీ నన్నూ ఆ సరస్సుకి తీసుకెళ్లు. ఇంకో మాట, నా బండిలో బ్రేకు దరిదాపుల్లో మెత్తలు కుట్టకు."

మేస్త్రి తాళం వంక చూశాడు, మావగారి వంక చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దకూతురు అందరి ముందూ భర్త చెయ్యి పట్టుకుంది. "ఓడి గెలిచినవాణ్ణి మొదటిసారి చూస్తున్నా!" అని మంగలి చప్పట్లు మొదలుపెడితే, రేకుల కింద ఉన్నవాళ్లంతా అందుకున్నారు. వాన మీద వాన పడ్డట్టు మోగాయి చప్పట్లు.

ఆ మోత తగ్గేసరికి మేస్త్రి వెన్ను నిటారైంది. తాళం చూపుడువేలికి తగిలించి గిరగిరా తిప్పాడు. గొంతు సవరించుకున్నాడు.

"అసలు సంగతి మీకెవరికీ తెలీదు. ఆ లారీ డ్రైవరుకి చూపు ఆనదు. దారంతా పైనుంచి నేనే చెప్పా. కుడి అంటే కుడికి, ఎడమ అంటే ఎడమకి. వాగు దగ్గరకొచ్చేసరికి వాడు చేతులెత్తేశాడు. అప్పుడు ఆ లారీని, దాని మీదున్న మా బండిని, రెంటినీ కలిపి నేను... ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ముందు ఒట్టు పెట్టు మేస్త్రీ!" అన్నాడు మంగలి.

మేస్త్రి నోరు తెరిచాడు. మంగలిని చూశాడు, మావగారిని చూశాడు. నోరు మూసి గ్లాసు అందుకున్నాడు.

"టీ చల్లారిపోతోంది," అన్నాడు.